మందు ఉచితమే.. అందే దారే దూరం
పశ్చిమ ప్రకాశంలో హెచ్‌ఐవీ వైద్యం ఎక్కడ తెగుతోంది? ఎలా నిలబడుతుంది?

మార్కాపురం: హెచ్‌ఐవీ సోకిందంటే ఇక మరణమే శరణ్యమనుకున్న రోజులు గతించాయి. రోజుకొక మాత్ర, వేళకు రక్త పరీక్షలు, క్షయ సోకితే సకాలంలో చికిత్స అందితే రోగి అందరిలాగే పనిచేసుకుంటూ దీర్ఘకాలం జీవించగలడని వైద్యశాస్త్రం నిర్ద్వంద్వంగా తేల్చింది. ప్రభుత్వ కేంద్రాల్లో ఈ మందులకు పైసా చెల్లించనక్కర్లేదు. అయినప్పటికీ నల్లమల అంచున ఉన్న మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాల్లో ఒక రోగి వైద్యం చివరిదాకా నిలుస్తుందా, నడుమనే తెగిపోతుందా అన్నది మందు కంటే ఎక్కువగా బస్సు మీద, కూలి మీద, వలస మీద, నలుగురికీ తెలిసిపోతుందన్న భయం మీద ఆధారపడి ఉండడం శోచనీయం.

దేశంలో హెచ్‌ఐవీ ఉనికి 1986లో చెన్నైలో తొలిసారిగా వెల్లడైన విషయం విదితమే. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఏర్పడింది. ఆ తరువాత పుష్కర కాలం పాటు ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగులకు లభించినది సలహాలు, పైపై జబ్బులకు చికిత్స మాత్రమే. వైరస్‌ను అణచే మందులు అప్పటికే ఉన్నా వాటి ధర సామాన్యుడికి అందనిది. 2001లో సిప్లా సంస్థ మూడు మందుల కలయికను ఏడాదికి 350 డాలర్లకే ఇవ్వగలమని ముందుకు రావడంతో ప్రపంచవ్యాప్తంగా ధరలు దిగివచ్చాయి. 2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ చికిత్సకు శ్రీకారం చుట్టింది. వ్యాధి తీవ్రత ఎక్కువగా ఉన్న 6 రాష్ట్రాలతో పాటు దిల్లీలో, మొత్తం 8 ఆసుపత్రుల్లో అది మొదలైంది. ఆ ఆరు రాష్ట్రాల్లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

నేడు ప్రపంచ దేశాలు వాడుతున్న ఈ మందుల్లో గణనీయమైన భాగం హైదరాబాద్ కేంద్రంగా నడిచే హెటెరో, అరబిందో వంటి సంస్థలు తయారుచేస్తున్నవే. సముద్రాలు దాటి ఆఫ్రికాకు చేరుతున్న మాత్ర అర్ధవీడు మండలంలోని కొండ కింది పల్లెకు చేరడమే కష్టమవుతోందంటే లోపం ఎక్కడుందో వెతకాల్సిందే.

రాష్ట్రంలో వ్యాధి భారం తక్కువేమీ కాదు. నాకో 2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3.21 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. మహారాష్ట్ర తరువాత ఇదే అత్యధికం. వయోజనుల్లో వ్యాప్తి దేశ సగటున 0.21 శాతం ఉండగా రాష్ట్రంలో 0.67 శాతంగా నమోదైంది. కొత్తగా సోకేవారి సంఖ్య గత రెండు దశాబ్దాల్లో బాగా తగ్గింది. అయితే మందుల వల్ల ప్రాణాలు నిలుస్తున్న కొద్దీ నిత్యం వైద్యసేవలు అవసరమైనవారు ఏళ్ల తరబడి ఉంటారు. కాబట్టి సేవల భారం తగ్గలేదన్నది గమనార్హం.

పరీక్ష నుంచి మాత్ర దాకా

చికిత్స ఒక మెట్ల వరుస వంటిది. మొదటి మెట్టు పరీక్ష. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సమీకృత సలహా, పరీక్షా కేంద్రాల్లో (ఐసీటీసీ) ముందుగా కౌన్సెలర్ మాట్లాడి, అంగీకారం తీసుకున్నాకే రక్తం తీస్తారు. తొలి పరీక్షలో అనుమానం వస్తే వేర్వేరు కిట్లతో మొత్తం మూడు పరీక్షలు చేసి, మూడింటిలోనూ ఒకే ఫలితం వస్తేనే వ్యాధి ఉన్నట్లు నిర్ధారిస్తారు. ఇక్కడి నుంచి రోగిని ఏఆర్‌టీ కేంద్రానికి పంపుతారు. అక్కడ పేరు నమోదు చేసి, సీడీ4 కణాల సంఖ్య, కాలేయం, మూత్రపిండాల పనితీరు, క్షయ లక్షణాలు చూసి మందులు మొదలుపెడతారు. రోగి సిద్ధంగా ఉంటే వారంలోపే, వీలైతే అదే రోజు మొదలుపెట్టాలన్నది ప్రస్తుత విధానం.

ఇక్కడొక పాత అపోహ ఇప్పటికీ పీడిస్తోంది. 2004లో సీడీ4 కణాలు 200 కంటే తగ్గినవారికే మందులు ఇచ్చేవారు. ఆ హద్దును తరువాత 350కి, 2016లో 500కు పెంచారు. 2017 నుంచి ఆ హద్దే లేకుండా పోయింది. వ్యాధి నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ వెంటనే చికిత్స ఇవ్వాల్సిందే. కానీ, ‘కణాలు బాగానే ఉన్నాయి, మందులు అప్పుడే అక్కర్లేదు’ అని ఏనాడో విన్న మాటను పట్టుకుని కూర్చునేవారు పల్లెల్లో లేకపోలేదు. పదిహేనేళ్ల క్రితం నమోదై, నాడు మందులు అవసరం లేదని ఇంటికి పంపిన వారెందరో రిజిస్టర్లు తిరగేసి చూస్తేనే తెలుస్తుంది. పాత పేర్లను వెతికి మళ్లీ పిలిపించడం కొత్తవారికి పరీక్షలు చేసినంత ముఖ్యమైన పని.

మందుల్లోనూ మార్పు వచ్చింది. పాత మందుల్లో కొన్ని రక్తహీనతను, కాళ్లమంటలను, ముఖం పీక్కుపోవడాన్ని కలిగించేవి. వాటికి భయపడి మానేసినవారు ఎందరో. 2020 నుంచి దశలవారీగా డోలుటెగ్రావిర్ ఉన్న కలయికను ఇస్తున్నారు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసి ఒకే మాత్రగా వస్తాయి. దీనివల్ల వైరస్ త్వరగా అణుగుతుంది, దుష్ఫలితాలూ తక్కువ. ఒకప్పుడు మందు పడక మానేసినవారు ఈ సంగతి తెలుసుకుని తిరిగి రావాల్సిన అవసరం ఉంది.

రోజూ మాత్ర ఎందుకు వేసుకోవాలన్న ప్రశ్నకు సమాధానం సులువే. ఈ మందు వైరస్‌ను చంపదు, పెరగకుండా కట్టివేస్తుంది. రక్తంలో మందు మోతాదు తగ్గిన రోజున అది మళ్లీ పుంజుకుంటుంది. అలా పదేపదే జరిగితే మందుకు లొంగని రూపం సంతరించుకుంటుంది. అందుకే నూటికి 95 పాళ్లు మాత్రలు తప్పకుండా వేసుకోవాలంటారు. నెలకు 30 మాత్రల్లో మూడు మానేస్తే అది 90 శాతానికి పడిపోయినట్లే. క్రమం తప్పకుండా వాడినవారిలో వైరస్ పరీక్షకు సైతం దొరకనంతగా తగ్గుతుంది. ఆ స్థితిలో ఉన్నవారి నుంచి లైంగిక సంపర్కం ద్వారా భాగస్వామికి వ్యాధి సోకదని అంతర్జాతీయ పరిశోధనలు రుజువు చేశాయి. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలోనే ముందుగా చికిత్స మొదలుపెట్టిన జంటల్లో వ్యాప్తి 96 శాతం తగ్గినట్లు తేలింది. ఈ ఒక్క విషయం భార్యాభర్తలకు విడమరచి చెబితే ఎన్నో కాపురాలు నిలబడతాయి. కౌన్సెలింగ్‌లో దీనికి ఇస్తున్న సమయం మాత్రం చాలడం లేదు.

ఒక రోజు కూలి, ఒక రోజు ప్రయాణం

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లా నుంచి విడివడి వచ్చి చేరిన ప్రాంతమిది. నాటి నుంచి ఇక్కడివారికి పెద్దాసుపత్రి అంటే ఒంగోలే. కాదంటే కనుమ దాటి నంద్యాల, కర్నూలు. మార్కాపురం నుంచి ఒంగోలు సుమారు 100 కి.మీ., గిద్దలూరు నుంచి 150 కి.మీ. ఉంటుంది. మార్కాపురంలోనే పని జరిగినా గిద్దలూరు, కొమరోలు, రాచర్ల మండలాల వారికి అదీ దగ్గరేమీ కాదు.

ఒక లెక్క చూద్దాం. కొమరోలు మండలంలో ఒక వ్యవసాయ కూలీ ఉన్నాడనుకుందాం. తెల్లవారుజామున బయలుదేరి ఆటోలో గిద్దలూరుకు, అక్కడి నుంచి బస్సులో కేంద్రానికి చేరేసరికి ఓపీ వరుస పెరిగి ఉంటుంది. కౌన్సెలర్‌ను కలిసి, డాక్టర్‌కు చూపించుకుని, ఫార్మసీ కిటికీ దగ్గర మాత్రలు తీసుకునేసరికి మధ్యాహ్నం దాటుతుంది. రక్త పరీక్ష యంత్రం ఆ రోజు పనిచేయకపోతే మరోసారి రావాలి. తిరిగి ఇల్లు చేరేది చీకటిపడ్డాకే. ఛార్జీలు, కాఫీ టిఫిన్లు, పోయిన కూలి కలిపితే ఉచిత మందు ఖరీదు ఆ ఇంటికి ఎంత పడిందో చెప్పనవసరం లేదు. మిర్చి కోతల రోజుల్లోనో, నాట్ల రోజుల్లోనో ఆ ప్రయాణం వాయిదా పడుతుంది. పది రోజులు కాస్తా నెల అవుతుంది. ఎక్కడికి వెళ్లావని మేస్త్రీ అడిగితే చెప్పే అబద్ధాలూ అయిపోతాయి.

ఈ ఇబ్బందిని ప్రభుత్వం గుర్తించకపోలేదు. 2008 నుంచి లింక్ ఏఆర్‌టీ కేంద్రాల విధానం వచ్చింది. ప్రధాన కేంద్రంలో చికిత్స మొదలై నిలకడగా ఉన్న రోగిని అతని ఊరికి దగ్గరి ఆసుపత్రికి అనుసంధానిస్తారు. నెలనెలా మందులు అక్కడే తీసుకుని, పెద్ద పరీక్షలకు మాత్రమే ప్రధాన కేంద్రానికి వెళ్తే చాలు. మరో వెసులుబాటు ఒకేసారి ఎక్కువ నెలలకు మందులివ్వడం. 2020లో కొవిడ్ లాక్‌డౌన్ వేళ బస్సులు ఆగిపోయినప్పుడు ఈ పద్ధతి ఎంతగా ఆదుకున్నదీ రోగులకు అనుభవమే. వైరల్ లోడ్ అదుపులో ఉండి, మందులు సక్రమంగా వాడుతున్నవారికి మూడు నెలల వరకు ఒకేసారి ఇవ్వవచ్చని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏడాదికి 12 ప్రయాణాలు 4కు తగ్గితే కొమరోలు కూలీకి 8 రోజుల కూలి మిగులుతుంది. ఇందుకు అదనపు భవనాలు, కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు. కేంద్రంలో మందుల నిల్వ సమృద్ధిగా ఉండాలి, అంతే.

అసలు చిక్కు ఆ నిల్వతోనే. 2022లో దేశంలో పలుచోట్ల డోలుటెగ్రావిర్ కొరత ఏర్పడి, దిల్లీలో నాకో కార్యాలయం ఎదుట బాధితులు వారాల తరబడి నిరసనకు దిగారు. నిల్వలు అడుగంటినప్పుడు సిబ్బంది చేసే మొదటి పని మూడు నెలల మందును నెలకు, నెల మందును వారానికి కుదించడం. పట్టణంలో ఇంటి పక్కనే కేంద్రం ఉన్నవాడికి అది చిన్న ఇబ్బంది. నల్లమల పల్లెవాసికి అది మందు మానేయడంతో సమానం. కొరత వచ్చినా దూరప్రాంత రోగులకు కోత పెట్టకుండా చూసే ప్రాధాన్య క్రమం ఒకటి ఉండాలి.

ఆఫ్రికాలోని మొజాంబిక్ దేశంలో దూరం సమస్యకు వేరే మార్గం కనుగొన్నారు. అక్కడి టెటె రాష్ట్రంలో 2008లో గరిష్ఠంగా ఆరుగురు రోగుల చొప్పున చిన్న బృందాలు ఏర్పడ్డాయి. నెలకొకరు వంతులవారీగా ఆసుపత్రికి వెళ్లి, తన పరీక్షలు చేయించుకుని, మిగతా అయిదుగురి మందులూ తెస్తారు. అంటే ఒక్కొక్కరు ఆరు నెలలకు ఒకసారి ప్రయాణిస్తే సరిపోతుంది. మన మార్గదర్శకాల్లోనూ బృందాల ద్వారా మందుల పంపిణీ ప్రస్తావన ఉంది. కానీ వ్యాధి సంగతి పక్కింటివారికి పొక్కితేనే తల్లడిల్లే మన పల్లెల్లో ఆరుగురు ఒకరికొకరు చెప్పుకుని బృందం కట్టడం అంత తేలిక కాదు. అందరికీ ఒకే పద్ధతి రుద్దకుండా, ఎవరికి ఏది అనుకూలమో వారినే అడిగి ఏర్పాటు చేయడం మేలు.

వలస వెళ్తే వైద్యం ఏమవుతుంది?

వానలు ముఖం చాటేసిన ఏడాది పశ్చిమ మండలాల నుంచి వలసలు మామూలే. హైదరాబాద్, బెంగళూరులలో భవన నిర్మాణ పనులకు, గుంటూరు వైపు మిర్చి కోతలకు కుటుంబాలు తరలిపోతాయి. ఇంటి తాళం, రేషన్ కార్డు వెంట తీసుకెళ్తారు కానీ చికిత్స పుస్తకం మరచిపోతారు, లేదా కావాలనే ఇంట్లో దాచి వెళ్తారు. మేస్త్రీ కంటపడితే పని పోతుందన్న భయం వారిది.

ఏఆర్‌టీ కేంద్రంలో ప్రతి రోగికీ ఆకుపచ్చ పుస్తకం ఇస్తారు. వాడుతున్న మందులు, గత పరీక్షల ఫలితాలు అందులో ఉంటాయి. దేశంలో ఏ ఏఆర్‌టీ కేంద్రానికైనా బదిలీ చేయించుకునే హక్కు రోగికి ఉంది. నెలల తరబడి వెళ్లేవారు బదిలీ పత్రం తీసుకోవాలి. కొద్దిరోజుల ప్రయాణమైతే దారిలోని కేంద్రంలో పుస్తకం చూపించి తాత్కాలికంగా మందులు పొందే వెసులుబాటూ మార్గదర్శకాల్లో ఉంది. రోగుల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కడంతో ఒక కేంద్రంలోని చరిత్రను మరో కేంద్రం చూసే వీలూ కలిగింది. ఈ విషయాలేవీ తెలియక, వెళ్లిన ఊళ్లో మళ్లీ మొదటి నుంచి పరీక్షలు చేయించుకుంటున్నవారు కొందరు, అసలు కేంద్రం గడపే తొక్కనివారు ఇంకొందరు. ‘ఈ సీజన్‌లో ఎక్కడికైనా పనికి వెళ్తున్నారా?’ అని కౌన్సెలర్ ప్రతిసారీ అడిగితే సగం సమస్య తీరుతుంది. సంక్రాంతికి, ఊరి తిరునాళ్లకు వలసదారులు తిరిగి వస్తారు. మందులు మానినవారిని వెతికి పట్టుకోవడానికి అదే సరైన అదను.

రిజిస్టర్‌లో ఒక పేరు ఎదుట ‘ఎల్‌ఎఫ్‌యూ’ అని మూడక్షరాలు రాస్తే ఆ వ్యక్తి ఆచూకీ తెలియలేదని అర్థం. అతను చనిపోయి ఉండవచ్చు, వలస వెళ్లి ఉండవచ్చు, నాటు వైద్యుడిని ఆశ్రయించి ఉండవచ్చు. 2013 నుంచి సంరక్షణ, మద్దతు కేంద్రాల క్షేత్ర సిబ్బంది ఇలాంటివారిని ఇళ్లకు వెళ్లి వెతికే పని చేపట్టారు. వీరిలో చాలామంది తామూ అదే వ్యాధితో జీవిస్తున్నవారే కావడం వల్ల రోగులు వారితో మనసు విప్పి మాట్లాడతారు. చాలీచాలని వేతనంతో, పది మండలాలు తిరగాల్సిన బాధ్యతతో ఈ పని ఎంతకాలం సాగుతుందన్నది వేరే ప్రశ్న. ఐసీటీసీ, ఏఆర్‌టీ కేంద్రాల సిబ్బంది సైతం ఒప్పంద ఉద్యోగులే. కౌన్సెలర్ మారిన ప్రతిసారీ రోగి తన కథ కొత్తవారికి మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. అందుకు సిగ్గుపడి ఆగిపోయేవారూ ఉంటారని గుర్తించాలి.

పుట్టింటికి, మెట్టినింటికి నడుమ పసికందు

గర్భిణులందరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేయడం ఈ కార్యక్రమంలో చెప్పుకోదగ్గ విజయం. గ్రామాల్లో ఏఎన్‌ఎంలు వేలి చివర రక్తపు చుక్కతో ప్రాథమిక పరీక్ష చేస్తున్నారు. ఎలాంటి చికిత్సా లేకపోతే తల్లి నుంచి బిడ్డకు గర్భంలో, కాన్పులో, చనుబాల ద్వారా వ్యాధి సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 వరకు ఉంటుంది. తల్లి క్రమం తప్పక మందులు వాడితే అది అయిదు కంటే తగ్గుతుంది. మొదట్లో కాన్పు వేళ తల్లికొక నెవిరపిన్ మాత్ర, పుట్టిన బిడ్డకు కొన్ని చుక్కలు ఇచ్చి సరిపెట్టేవారు. 2014 నుంచి గర్భిణికి వెంటనే పూర్తిస్థాయి చికిత్స ప్రారంభించి, జీవితాంతం కొనసాగిస్తున్నారు.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు కాన్పు తరువాత మొదలవుతోంది. బిడ్డకు ఆరు వారాల వయసులో ఎండబెట్టిన రక్తపు చుక్కతో తొలి పరీక్ష చేయాలి. ఆరు నెలలకు, ఏడాదికి మళ్లీ పరీక్షలు, 18 నెలలకు తుది నిర్ధారణ. ఆ మధ్యకాలంలో మందు చుక్కలు, కోట్రైమాక్సజోల్ ఇవ్వాలి. మన ఆచారం ప్రకారం తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. మెట్టినిల్లు కంభంలో, పుట్టిల్లు వినుకొండలో అయితే పరీక్ష ఒక జిల్లాలో, కాన్పు మరో జిల్లాలో జరుగుతాయి. మూడో నెలలోనో, అయిదో నెలలోనో తల్లీబిడ్డలు అత్తవారింటికి వస్తారు. అప్పటికి పుట్టింటి వైపు ఏఎన్‌ఎం తన బాధ్యత తీరిందనుకుంటుంది, ఇటువైపు ఏఎన్‌ఎంకు అసలు సమాచారమే ఉండదు. అత్తింటివారికి చెప్పని ఇల్లాలు బిడ్డను పరీక్షకు తీసుకెళ్లడానికి ఏ సాకు చెప్పగలదు? 18 నెలల పరీక్ష జారిపోయేది ఇక్కడే. ‘మీరు కాన్పుకు ఏ ఊరు వెళ్తారు, మళ్లీ ఎప్పుడొస్తారు’ అన్న రెండు ప్రశ్నలకు జవాబులు ఏడో నెలలోనే రాసుకుని, రెండు చోట్ల కౌన్సెలర్లూ ఫోనులో మాట్లాడుకుంటే బిడ్డ చేజారదు. టీకాల రోజున పరీక్ష కూడా కలిపి చేస్తే ఇల్లాలికి వేరే సాకు వెతుక్కోవాల్సిన పనీ ఉండదు.

ఇంకొక చిన్న సంగతి. గర్భిణులు వాడే ఇనుము, కాల్షియం మాత్రలు డోలుటెగ్రావిర్ ఒంటబట్టకుండా అడ్డుపడతాయి. పరగడుపున అన్నీ కలిపి మింగితే మందు పనిచేయదు. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఫార్మసీ కిటికీ దగ్గరే వివరించాలి.

క్షయ, కిడ్నీ.. రెండు వైపులా కన్నేయాలి

హెచ్‌ఐవీ రోగుల మరణాలకు ప్రధాన కారణం క్షయ. రోగ నిరోధక శక్తి తగ్గినవారిలో క్షయ బయటపడే ప్రమాదం ఇతరులకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రివేళ చెమటలు.. ఈ నాలుగింటిలో ఏది ఉన్నా వెంటనే కళ్లె పరీక్ష చేయాలి. లక్షణాలు లేనివారికి ముందుజాగ్రత్తగా ఐసోనియాజిడ్ మాత్రలు ఇస్తారు. పలకల పరిశ్రమకు పేరొందిన మార్కాపురంలో రాతి దుమ్ము పీల్చే కార్మికులకు ఊపిరితిత్తుల జబ్బులు అసలే ఎక్కువ. దుమ్ము వల్ల వచ్చిన దగ్గే అనుకుని క్షయను నిర్లక్ష్యం చేసే ప్రమాదం ఉంది. రెండు జబ్బులూ ఉన్నవారు ఆ సంగతి రెండు చోట్లా చెప్పాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్ మందు డోలుటెగ్రావిర్ ప్రభావాన్ని తగ్గిస్తుంది కనుక దాని మోతాదును రోజుకు రెండుసార్లకు పెంచాల్సి ఉంటుంది.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన మరో జాగ్రత్త ఉంది. కనిగిరి, పామూరు, పొదిలి పరిసరాల్లో ఫ్లోరైడ్ నీరు, మూత్రపిండాల జబ్బులు ఏనాటి నుంచో వేధిస్తున్నాయి. ఏఆర్‌టీ మాత్రలోని టెనోఫోవిర్ కొందరిలో మూత్రపిండాలపై, ఎముకలపై ప్రభావం చూపుతుంది. మామూలు ప్రాంతంలో ఆరు నెలలకు ఒకసారి చేసే క్రియాటినిన్ పరీక్ష ఒకసారి తప్పినా పెద్ద ముప్పు లేకపోవచ్చు. ఇక్కడ అది తప్పకూడదు. తేడా కనిపిస్తే అబకావిర్ వంటి ప్రత్యామ్నాయం ఉంది. ఒళ్లునొప్పులకు దుకాణంలో అడిగి కొనుక్కునే నొప్పి మాత్రలు ఈ ప్రమాదాన్ని మరింత పెంచుతాయి.

తలుపు దగ్గరే తిరిగిపోతున్నవారు

ఏఆర్‌టీ గది బోర్డు చూసి, తెలిసినవారు ఎదురైతే, కంటి డాక్టర్ ఎక్కడని అడిగి వెనుదిరిగేవారి గురించి ఏ రిజిస్టర్‌లోనూ రాయరు. చిన్న పట్టణాల్లో ఆసుపత్రి ఆవరణ సగం సంత లాంటిది. ఎవరో ఒకరు పలకరిస్తారు. అందుకే దగ్గర్లో కేంద్రం ఉన్నా కావాలని దూరం వెళ్లేవారు ఉన్నారు. వారిని తప్పుపట్టి దగ్గరి కేంద్రానికే రావాలని పట్టుబట్టడం సరికాదు. దూరం కొందరికి భారమైతే మరికొందరికి రక్షణ. వసతి గృహాల్లో చదివే పిల్లల పరిస్థితి మరీ కష్టం. పుట్టుకతో వ్యాధి సోకి, అమ్మమ్మ దగ్గర పెరిగి, తోటివారి కళ్లుగప్పి రోజూ మాత్ర వేసుకోవాలి. వార్డెన్‌కు చెప్పాలా వద్దా అన్న నిర్ణయంలో ఆ పిల్లలకు తోడుగా నిలిచేవారు కావాలి.

గోప్యతకు చట్టం అండ ఉంది. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నిరోధక, నియంత్రణ చట్టాన్ని పార్లమెంటు 2017లో ఆమోదించగా 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. అంగీకారం లేకుండా పరీక్ష చేయడం, ఫలితాన్ని ఇతరులకు వెల్లడించడం, వ్యాధి ఉందని చికిత్స నిరాకరించడం, ఉద్యోగం నుంచి తొలగించడం, పిల్లలను బడిలో చేర్చుకోకపోవడం ఈ చట్టం ప్రకారం నిషిద్ధం. శస్త్రచికిత్సకు ముందు రోగికి చెప్పకుండా పరీక్ష చేసి, ఫలితం చూసి ‘పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి’ అని పంపించివేయడం ఏ ఆసుపత్రి చేసినా నేరమే. మంచానికి ఎర్ర గుర్తు తగిలించడం కూడా గోప్యతను వెల్లడించడమే. 20 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న వైద్య సంస్థల్లో ఫిర్యాదుల అధికారిని నియమించాలి. రాష్ట్రస్థాయిలో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో, అత్యవసర వైద్యం విషయమైతే 24 గంటల్లో ఉత్తర్వు ఇవ్వాలి. చట్టం ఉన్న సంగతి రోగులకే కాదు, కొన్ని నర్సింగ్ హోంల యాజమాన్యాలకూ తెలియకపోవడం విచిత్రం.

సిబ్బంది భయానికీ సమాధానం ఉంది. సూది గుచ్చుకున్నా 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వ్యాధి సోకకుండా నివారించవచ్చు. ఆ మందుల కిట్ రాత్రి వేళ సైతం ప్రసూతి వార్డులో అందుబాటులో ఉంటే, రోగిని ముట్టుకోవడానికి వెనుకాడే నర్సు ధైర్యంగా ముందుకు వస్తుంది. దీనికయ్యే ఖర్చు స్వల్పం.

ఏది లెక్కించాలి?

ఎన్ని పరీక్షలు చేశామన్నది సమీక్షల్లో చెప్పడానికి బాగుంటుంది. వైద్యం నాణ్యత తెలియాలంటే వేరే ప్రశ్నలు అడగాలి. నిర్ధారణ అయినవారిలో ఎందరు మందులు మొదలుపెట్టారు? ఏడాది తరువాత వారిలో ఎందరు ఇంకా వాడుతున్నారు? వాడుతున్నవారిలో ఎందరికి వైరస్ అణిగింది? వ్యాధి ఉన్నవారిలో 95 శాతం మందికి ఆ సంగతి తెలియాలి, తెలిసినవారిలో 95 శాతం మంది మందులు వాడాలి, వాడేవారిలో 95 శాతం మందికి వైరస్ అణగాలన్నది 2025 నాటికి ప్రపంచం పెట్టుకున్న లక్ష్యం. మూడో ప్రశ్నకు జవాబు వైరల్ లోడ్ పరీక్ష చెబుతుంది. 2018 ఫిబ్రవరి నుంచి దీన్ని చికిత్స పొందుతున్న అందరికీ ఉచితం చేశారు. మందు మొదలుపెట్టిన ఆరు నెలలకు, ఏడాదికి, ఆపై ఏటా చేయాలి. నమూనా పెద్ద ప్రయోగశాలకు వెళ్లి ఫలితం తిరిగి రావాలి. ఫలితం వచ్చినా రోగి చెవిన పడకపోతే ఆ పరీక్ష చేసి ప్రయోజనం లేదు. వెయ్యి దాటినవారికి మూడు నెలలు ప్రత్యేక కౌన్సెలింగ్ ఇచ్చి మళ్లీ పరీక్షించాలి. అప్పటికీ తగ్గకపోతే మందు మార్చాలి. ఈ లెక్కలు పేర్లు లేకుండా, మండలాల వారీగా తీస్తే ఏ మూల ఏ మెట్టు విరిగిందో తెలుస్తుంది. గిద్దలూరు, పుల్లలచెరువు మండలాల ఇబ్బందులు ఒకటే కావు. జిల్లా సగటులో అవి కలిసిపోయి కనిపించకుండా పోతాయి.

మార్కాపురం కేంద్రంగా జిల్లా ఏర్పాటుకు 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం పచ్చజెండా ఊపింది. జిల్లా అంటే కలెక్టరేట్, ఎస్పీ కార్యాలయమే అన్న చర్చలో ఆసుపత్రి మాట వెనుకబడకూడదు. ఇక్కడే నమూనాల సేకరణ, వేగవంతమైన రవాణా, గిద్దలూరు, యర్రగొండపాలెం, కనిగిరి వైపు వారానికొకసారైనా మందులు అందించే ఏర్పాటు, దోర్నాల పరిసరాల్లోని చెంచుగూడేలకు క్షయ, హెచ్‌ఐవీ పరీక్షలు కలిపి తీసుకెళ్లే సంచార బృందం ఉంటే పశ్చిమ ప్రాంత రోగులకు ఒంగోలు ప్రయాణం చాలావరకు తప్పుతుంది.

ప్రస్తుతానికి రోగులకు తక్షణం ఉపకరించేవి రెండున్నాయి. ఆరు నెలలు వరుసగా ఏఆర్‌టీ మందులు వాడినవారికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పింఛను 2024 జూలైలో నెలకు రూ.4 వేలకు పెరిగింది. దీనికి వయసు నిబంధన లేదు. అర్హత ఉన్నా, దరఖాస్తు చేస్తే వీధిలో తెలిసిపోతుందని వెనుకాడేవారు ముందుగా ఏఆర్‌టీ కేంద్రం కౌన్సెలర్‌తో మాట్లాడవచ్చు. పరీక్ష ఎక్కడ చేస్తారు, మందులు ఎక్కడ దొరుకుతాయి, హక్కులేమిటి అన్న సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే సమాధానం పొందవచ్చు. పేరు చెప్పనక్కర్లేదు.